కట్టు విప్పేటప్పుడు ముఖం ఎటు ఉంది?

కుడిచేయి మిషన్‌లో నలిగిన మా బావకి మూడో డ్రెస్సింగ్ జరిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. నర్సమ్మ సెలైన్ పోసి తడుపుతూ ఒక్కో పొరా విప్పుతోంది. ఎండిన గాజుగుడ్డ పుండుకి అంటుకున్న చోట ఆగి, మళ్లీ తడిపి, మెల్లగా లాగుతోంది. బావ మాత్రం గోడ మీదున్న క్యాలెండర్ వైపే చూస్తున్నాడు. పాత కట్టు పూర్తిగా ఊడింది, కొత్తది వేశారు, టేపు అతికించారు. అప్పటిదాకా ఆయన తల ఇటు తిప్పలేదు. "అయిపోయిందా?" అని అడిగి, అయిందన్నాకే తిరిగాడు. కిక్కురుమనలేదు, గట్టిమనిషి అని బయటికొచ్చి మేమంతా చెప్పుకున్నాం. ఆ రోజు ఆ గదిలో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సిన లక్షణం అలా చూపు తిప్పుకోవడమేనని, దెబ్బ చేతితోపాటు మనసుకీ తగిలిందని నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది. ఆ ఆలస్యం ఇంకొకరి ఇంట్లో జరగకూడదనే ఇది రాస్తున్నాను.

బాలానగర్ పక్కన ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ (లోహపు రేకుల్ని అచ్చుల మధ్య నొక్కే మిషన్) మీద ఆయన పని. దెబ్బ తగిలింది కుడిచేతికి. చూపుడువేలు మొదలంటా పోయింది. మధ్యవేలు సగం మిగిలింది. చేతి వెనకవైపు తోలంతా లేచిపోయింది. బొటనవేలిని మాత్రం డాక్టర్లు నిలబెట్టారు. రాత్రంతా నిలబడి ఆ పని చేసినవాళ్లకి మా ఇంట్లో ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాం. అంత పనితనం ఉన్న చోట మూడు నెలల్లో ఒక్కరు కూడా "నిద్ర పడుతోందా?" అని అడగలేదు. ఇంట్లోవాళ్లం మేమూ అడగలేదు. నొప్పి ఎలా ఉందని మాత్రం రోజూ అడిగాం.

ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా మనసు కుంగుతుంది, చేతికే ఏమిటి ప్రత్యేకం అనిపించవచ్చు. మన భాషనే అడిగి చూడండి. చేయి అంటే అవయవం. పని చెయ్యమని చెప్పాలన్నా "చేయి" అనే అంటాం. పనికి రానివాణ్ణి చేతకానివాడంటాం. ఆదుకుంటే చేయూత, వదిలేస్తే చేయి విడవడం, పెళ్లంటే పాణిగ్రహణం. చేయి నలిగిన మనిషి చెవిలో ఈ మాటలు రోజంతా పడుతూనే ఉంటాయి, అనేవాళ్లకి మాత్రం ఆ ధ్యాసే ఉండదు.

చూపు సంగతి ఇంకొకటి. వీపు మీద మచ్చ మనకి కనపడదు. ముఖం మీది మచ్చ అద్దం ముందు నిలబడితేనే కనిపిస్తుంది. చేయి మాత్రం పళ్లు తోముకున్నా, చొక్కా బొత్తాం పెట్టుకున్నా, అన్నం కలిపినా కళ్లెదుటే ఉంటుంది. ప్రమాదాన్ని గుర్తు చేసే వస్తువుని మనిషి పొద్దస్తమానం తనతోనే మోస్తుంటాడు. ప్రమాదం జరిగిన రోడ్డు వైపు వెళ్లకుండా తప్పించుకోవచ్చు. సొంత చేతిని ఎలా తప్పించుకుంటాడు? అటు చూడటం మానేస్తాడు. మా బావ చేసింది అదే.

మెదడులోనూ చేతిది పెద్ద వాటా. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మెలకువగా ఉన్న రోగుల మెదడుకి అక్కడక్కడా సన్నటి కరెంటు తాకించి, ఎక్కడ తాకిస్తే ఒంట్లో ఏ భాగం కదులుతోందో, ఏ భాగంలో స్పర్శ తెలుస్తోందో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి 1937లో ఆయన అచ్చువేసిన వివరాల ప్రకారం చేతికీ వేళ్లకీ దక్కిన జాగా ముందు మొండెం మొత్తానికి దక్కింది చాలా చిన్నది. వేలు తెగినా ఆ జాగా వెంటనే ఖాళీ అయిపోదు. లేని వేలు దురద పెట్టడం, లేని గోరు సలపడం అందుకే. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకి వైద్యం చేసిన సైలాస్ వియర్ మిచెల్ 1871లో దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టారు. నూటయాభై ఏళ్లుగా వైద్యానికి తెలిసిన విషయమే. అయినా మా బావ రెండు నెలలు దాన్ని దాచాడు. "లేని వేలు పీకుతోందంటే పిచ్చెక్కిందనుకుంటారు కదరా" అన్నాడు తర్వాత. ఆపరేషన్ అయిన మర్నాడే ఎవరైనా "పోయిన వేలు ఉన్నట్టే అనిపిస్తుంది, భయపడకు, చాలామందికి అంతే" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రెండు నెలల భయం ఉండేది కాదు.

ఇలాంటి ముక్కలే ఈ వైద్యంలో సగం అని ఇప్పుడనిపిస్తుంది. మనం "నరం" అనే ఒక్క మాటతో మూడు వేరువేరు వాటిని పిలుస్తాం. స్పర్శని మోసేదీ నరమే, వేలిని లాగే తాడులాంటి స్నాయువూ నరమే, రక్తం పారేదీ నరమే. డాక్టరు "నరాలన్నీ కలిపేశాం" అంటే ఇంటిల్లిపాదీ వేళ్లు రేపే కదులుతాయని ఎదురుచూస్తారు. స్నాయువు కలిపాక దాదాపు ఆరు వారాలు స్ప్లింట్ (చేతిని కదలకుండా పట్టి ఉంచే ఆధారం) కాపలా కావాలి, బరువు పనికి మూడు నెలలు ఆగాలి. తెగిన స్పర్శ నరం కుట్టాక రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలికొసకి స్పర్శ చేరడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ లెక్క చెప్పకపోతే రోగి రెండో నెలలోనే "నా చేయి చచ్చిపోయింది, వీళ్లు చెప్పడం లేదు" అనే నిర్ణయానికి వస్తాడు. ఆ నిర్ణయానికి వచ్చినవాడు వ్యాయామం చెయ్యడు. చెయ్యకపోతే కీళ్లు బిగుసుకుంటాయి. బిగుసుకున్నాక చూసి "చెప్పానా" అనుకుంటాడు. ఫిజియో గదిలో ఇలాంటివాళ్లని బద్ధకస్తులని కసురుకోవడం నేను విన్నాను. వాళ్లలో చాలామందిది బద్ధకం కాదు, దిగులు. కుట్లు తెగిపోతాయన్న భయం కొందరిది. చేయి బాగుపడితే మళ్లీ అదే మిషన్ ముందు నిలబడాలి కదా అన్న భయం ఇంకొందరిది. ఈ చివరిది ఎవరూ పైకి చెప్పరు.

మొదటి నెల సంగతి విడిగా చెప్పాలి. చేయి యంత్రంలో పడిన మనిషి మొదటి కొన్ని వారాలు నిద్రలో ఉలిక్కిపడటం, శబ్దాలకి అదరడం, ఏడుపు, చిరాకు సహజమే. మిక్సీ తిప్పితే చాలు బావ లేచి బయటికెళ్లిపోయేవాడు. ఎక్కువమందిలో ఇవి రోజులు గడిచేకొద్దీ పలచబడతాయి. అందుకే లక్షణాలు నెల దాటినా పోకపోతేనే దాన్ని ప్రమాదం తర్వాత మనసుని వదలని జబ్బు, పీటీఎస్‌డీ అంటారు. అంతకు ముందే తీవ్రంగా ఉంటే దాన్ని అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జాబితాలోకి ఎక్కింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ అక్కడ పెద్ద చర్చగా ఉన్న రోజుల్లో. దాంతో అది యుద్ధాల జబ్బు అనే ముద్ర పడిపోయింది. షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే కూలీకి, గడ్డి కోసే మిషన్‌లో చేయి పెట్టిన రైతుకి, చెరకు రసం బండి దగ్గరి కుర్రాడికి అది వస్తుందని ఎవరికీ తట్టదు.

చేతి గాయాల మీద దీన్ని శ్రద్ధగా గమనించినవాళ్లలో విస్కాన్సిన్‌కి చెందిన సైకాలజిస్టు బ్రాడ్ గ్రూనర్ట్ ఒకరు. 1980ల చివరినుంచి చేతి సర్జన్లతో కలిసి పనిచేస్తూ, గాయపడినవాళ్లకి కళ్లముందు మెదిలే దృశ్యాలు మూడు రకాలని గుర్తించారు. మొదటి రకంలో ప్రమాదం మొత్తం మొదటినుంచి చివరిదాకా తిరుగుతుంది. రెండో రకంలో ప్రమాదం కనిపించదు, నలిగిన చేయి ఒక్కటే, ఆగిపోయిన ఫోటోలా కనిపిస్తుంది. మూడో రకంలో జరిగినదానికంటే ఘోరమైనది కనిపిస్తుంది: పోయింది వేలైతే కళ్లముందు భుజందాకా తెగిపోతుంది. మొదటి రకం వాళ్లు పనికి తిరిగి వెళ్లడం కొంత తేలికగా ఉంటుందని, తర్వాతి రెండు రకాల వాళ్లకి ఎక్కువ సాయం కావాలని ఆయన బృందం చూపింది. మొదటి రకంలో మనిషికి కారణం కనిపిస్తుంది: గార్డు లేదు, కాలు ముందే పెడల్ మీద పడింది. కారణం కనిపిస్తే జాగ్రత్త పడొచ్చనే నమ్మకం మిగులుతుంది. మిగతా రెండింటిలో ఒట్టి భయమే మిగులుతుంది. ఈ వివరణ నాది, మా బావని చూశాక నాకు తోచింది.

ఆయనది మూడో రకం. దాన్ని పెంచినవాళ్లలో మేమూ ఉన్నాం. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట: "చేయి మొత్తం పోవాల్సింది, దేవుడు రెండు వేళ్లతో సరిపెట్టాడు." ఇంకొకరు: "మా ఊళ్లో ఒకతనికి మోచేతిదాకా లాగేసింది." ఓదార్పనుకునే అన్నారు. మంచం మీదున్న మనిషికి మాత్రం రోజుకి నాలుగైదుసార్లు మోచేతిదాకా లాక్కుపోయే దృశ్యాన్ని కొత్తగా చూపించి వెళ్లారు. చేతి గాయంతో ఉన్నవాళ్లని పలకరించడానికి వెళ్తే దయచేసి ఈ మాట అనకండి. "ఈ రోజు ఏం తిన్నావు?" అని అడగండి, చాలు.

మన దగ్గర ఇంకో రకం చికిత్స ఉంది, దాని మనసు సంగతి అసలెవరూ మాట్లాడరు. చేతి తోలు పోయి ఎముక బయటపడితే, చేతిని గజ్జల దగ్గరి చర్మానికి కలిపి కుట్టి సుమారు మూడు వారాలు అలాగే ఉంచుతారు. అక్కడి చర్మం చేతికి అతుక్కుని రక్తం పట్టాక విడదీస్తారు. ఇయాన్ మెక్‌గ్రెగర్, ఇయాన్ జాక్సన్ 1972లో వివరించిన పద్ధతి. మైక్రోసర్జరీ వచ్చాక కూడా ఎన్నో చేతులు దీనివల్లే నిలుస్తున్నాయి. కానీ ఆ మూడు వారాలు ఎలా గడుస్తాయో ఊహించండి. నలభై ఏళ్ల మనిషి పక్కకి తిరిగి పడుకోలేడు. లుంగీ తానే సర్దుకోలేడు. మూత్రానికి భార్యని పిలవాలి. వార్డులో ఆడవాళ్లు నడుస్తున్నప్పుడు దుప్పటి కిందికి జారితే తీసి కప్పుకోవడానికి ఉన్నది ఎడమచేయి ఒక్కటే. "నిన్న ఒక్కసారిగా ఊపిరాడలేదు, చేయి లాగేసుకుందామనిపించింది" అని మా బావ ఒక రాత్రి అక్కతో అన్నాడు. అక్క భయపడి తెల్లవార్లూ ఆ చేయి పట్టుకుని కూర్చుంది. ముందుగా ఎవరైనా కూర్చోబెట్టి, ఇలా ఉంటుంది, ఇన్ని రోజులుంటుంది, ఊపిరాడనట్టు అనిపిస్తే ఇలా చెయ్యి, ఏ సమయానికైనా పిలువు అని చెప్పడానికి పదిహేను నిమిషాలు చాలు.

ఇంటికొచ్చాక మొదలయ్యేది ఇంకోటి. కుడిచేయి పోతే మన దగ్గర అన్నం ప్రశ్న వస్తుంది. ఎడమచేత్తో తినడం ఇంట్లో అలవాటవుతుంది, పంక్తిలో కాదు. బావ రెండు పెళ్లిళ్లకి వెళ్లి భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. చెంచా ఇస్తే ఇంకా సిగ్గు. ఎడమచేతికి దెబ్బ తగిలినవాళ్లని "ఎడమదే కదా" అని తేలిగ్గా తీసేస్తారు, కాలకృత్యాలకి మనం వాడేది ఆ చెయ్యేనని మర్చిపోతారు. ఆడవాళ్లు చేతిని కొంగులో దాచుకుంటారు. గోరింటాకు పెట్టుకునే రోజు గదిలోంచి బయటికి రానివాళ్లున్నారు. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ ముందు వెనక వరసంతా చూస్తుండగా ఒక్కో వేలూ పెట్టి చూడటం, పడకపోవడం చిన్న అవమానం కాదు. కనుపాపతో తీసుకునే వీలుందని అక్కడివాళ్లే ముందుగా చెబితే ఎంత మర్యాదగా ఉంటుంది! చిన్నపిల్లల చేతులు గడ్డి మిషన్‌లోనో దీపావళి బాంబులోనో పోయిన ఇళ్లలో కుంగిపోయేది పిల్లల కంటే ముందు తల్లిదండ్రులే. "ఎక్కడ చచ్చావు ఆ టైములో" అని ఒకరినొకరు అనుకున్న మాట ఆ ఇంట్లో ఏళ్లపాటు ఉండిపోతుంది. పిల్లకి కౌన్సెలింగ్ అంటే అమ్మానాన్నలకి కూడా అని లెక్క వేసుకోవాలి.

ఇక వైద్యం ఏమిటి. ముందు, మంచిదనుకుని చేసే రెండు పనుల గురించి. ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి "జరిగిందంతా చెప్పు, మనసు తేలికవుతుంది" అని ఒక్క విడతలో అంతా చెప్పించడం పనికి రాదని, కొందరికి హాని కూడా చెయ్యొచ్చని అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2002లోనే తేల్చింది. చెప్పాలనిపిస్తే వినాలి, లాగకూడదు. రెండోది నిద్రమాత్ర. మొదటి నెల్లో ప్రమాదపు భయానికి బెంజోడయజెపైన్ మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు చెప్పాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలలకొద్దీ వేసుకునేవాళ్లకి ఆ మాత్రే మరో జబ్బవుతుంది. దిగులు ముదిరితే సైకియాట్రిస్టు ఇచ్చే డిప్రెషన్ మందులు వేరు, వాటికి భయపడనక్కర్లేదు.

పనిచేసేవి నెమ్మదిగా పనిచేస్తాయి. డ్రెస్సింగ్ బల్ల దగ్గరే మొదలవ్వాలి. చూడనివాణ్ణి బలవంతంగా చూపించకూడదు, ఎప్పటికీ చూడకుండా వదిలెయ్యకూడదు. మొదట కట్టుతో ఉన్న చేతిని, తర్వాత కట్టు విప్పాక అయిదు సెకన్లు, ఆ తర్వాత తనే ఎడమచేత్తో తాకడం, మచ్చకి నూనె రాసుకోవడం. నొప్పి, ఫాంటమ్ బాధ వదలనివాళ్లకి అద్దం పెట్టె ఉంది. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చేసిన ఆలోచన: మంచి చేతిని అద్దం ముందు కదిపితే మెదడుకి పోయిన చేయే కదులుతున్నట్టు కనిపిస్తుంది. అందరికీ పనిచెయ్యదు, పనిచేసినవాళ్లకి పెద్ద ఊరట. నెల దాటినా దృశ్యాలు, పీడకలలు, తప్పించుకోవడం తగ్గకపోతే ఆ జ్ఞాపకాన్నే నేరుగా పట్టుకుని చేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) గానీ, ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిపే చికిత్స) గానీ కావాలి. రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినవే.

వీటిలో నాకు అన్నిటికంటే అర్థవంతంగా కనిపించింది గ్రూనర్ట్ బృందమే చెప్పిన పద్ధతి: పనిచేసే చోటికి మెట్లు మెట్లుగా తిరిగి వెళ్లడం. మాకు ఆర్నెల్ల తర్వాత దొరికిన ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే మనిషి) దాన్నే మా బావకి తగ్గట్టు మలిచింది. మొదటి వారం బస్సెక్కి ఆ స్టాపులో దిగి తిరిగి రావడం. అది కుదిరాక షెడ్డు ఎదుటి టీ కొట్టులో కూర్చోవడం. లోపల్నించి ప్రెస్ చప్పుడు వినిపిస్తుంది. మొదటిరోజు టీ గ్లాసు సగంలో పెట్టి లేచాడు. మూడోరోజు పూర్తిగా తాగాడు. తర్వాత లోపలికి, మిషన్ ఆపి ఉన్నప్పుడు. ఆ తర్వాత వేరేవాళ్లు నడుపుతుంటే దూరంగా. గుండె దడ తగ్గేదాకా అక్కడే ఉండాలి, దడ మధ్యలో పారిపోతే భయం మరింత గట్టిపడుతుంది అని ఆవిడ పట్టుబట్టేది. ఆవిడ సైకాలజిస్టు కాదు. కానీ వారానికి మూడుసార్లు, గంటసేపు, ఆ చేతిని తన చేతుల్లో పట్టుకుని కూర్చునే మనిషి. సర్జన్‌కి చెప్పనివి, భార్యకి చెప్పనివి ఆ గంటలో వస్తాయి. చేతి వార్డుల్లో ఇలాంటివాళ్లకి నిద్ర గురించి, భయం గురించి రెండు ప్రశ్నలు అడగడం, ఎప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలో తెలుసుకోవడం నేర్పితే చాలా పని అక్కడే జరుగుతుంది.

మనసుని పక్కన పెడితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 1998 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో న్యూజిలాండ్ వాసి ఒకరికి దాత చేతిని అతికించారు. శస్త్రచికిత్సగా అది విజయం. ఆయన మాత్రం ఆ చేతిని తనదిగా స్వీకరించలేకపోయాడు, మందులు మానేశాడు, తీసెయ్యమని అడిగాడు. 2001లో లండన్‌లో తీసేశారు. ఇప్పుడు చేతి మార్పిడికి ముందు మానసిక పరీక్ష తప్పనిసరి దశ. మన దేశంలో ఒకే మనిషికి రెండు చేతులూ మార్చిన మొదటి శస్త్రచికిత్స 2015 జనవరిలో కొచ్చిలోని అమృత ఆసుపత్రిలో జరిగింది. అరుదుగా జరిగే మార్పిడికి ఇంత ఆలోచించే వైద్యం, రోజూ ప్రెస్సుల కింద నలిగే వేళ్లకి ఎందుకు ఆలోచించకూడదు?

చట్టం ఇంకా వేళ్లే లెక్కపెడుతోంది. 1923 నాటి నష్టపరిహార చట్టంతో వచ్చిన పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికో చిటికెన వేలికో 7. అంకెలు ఉండటం మంచిదే, బేరం పెట్టకుండా ఉంటుంది. మిగతా మూడు వేళ్లు బాగున్నా మిషన్ దగ్గరికి అడుగు పడని మనిషి నష్టం ఆ పట్టికలో లేదు. సదరం లాంటి వైకల్య సర్టిఫికెట్ మీద సాయం పొందడానికి కావాల్సిన 40 శాతం గీత కూడా ఒకటి రెండు వేళ్లు పోయినవాళ్లకి తరచూ అందదు. కాబట్టి పీడకలలు, భయం ఉంటే ఓపీ చీటీ మీద, కేస్ షీట్‌లో రాయించుకోండి. రాయనిది తర్వాత ఎక్కడా నిలవదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుకి శరీర జబ్బుతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. డబ్బు లేకపోయినా, రాత్రి రెండు గంటలైనా 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ) వాళ్లు తెలుగులో మాట్లాడతారు. "ఈ చేత్తో బతకడం దండగ" అనే మాట ఇంట్లో వినిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు.

బావ ఇప్పుడు అదే షెడ్డులో ఉన్నాడు, ప్రెస్ మీద కాదు, డైలు (ప్రెస్‌లో పెట్టే అచ్చులు) సర్దే చోట. బస్సులో చేయి ఇంకా జేబులోనే ఉంటుంది. మొన్న మా చెల్లెలి కొడుకు అన్నప్రాశనకి వచ్చి పంక్తిలో చివరి విస్తరి ముందు కూర్చున్నాడు. పప్పు వడ్డించే కుర్రాడు చేతివంక చూసి ఒక్క క్షణం ఆగాడు. బావ కూడా తన చేతివంకే చూసుకుని, బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ముద్ద పట్టి, "నెయ్యి వెయ్యవా?" అన్నాడు.